పాత స్పోర్ట్సు కారుకు కొత్త బేరింగులు

ఎడ్లబండి ఇరుసుకు కందెన అవసరమని బండి తోలువారికి ఒకరు చెప్పనక్కరలేదు. చక్రము కీచుమన్నప్పుడు దిగి, ఇంత కందెన పూసి, మరల సాగిపోవుదురు. మోటారు ఇంజనులోని ఇరుసు అంత ఓర్పుగలది కాదు. అది లోపలినుండి తట్టినట్లు చప్పుడు చేసి హెచ్చరించు వేళకు జరుగవలసిన నష్టములో చాలభాగము జరిగియే యుండును. ఆ ఇరుసును మోయు బేరింగులను గురించి, అందులోను పాతబడిన స్పోర్ట్సు కారు ఇంజనును విప్పి తిరిగి కట్టునప్పుడు కొత్త బేరింగులను ఎట్లు ఎన్నుకొనవలెనను విషయమును గురించి నేడు కొంత ముచ్చటింతము.

మాటలు గాలిలో తేలిపోకుండ ఒక బండిని ఉదాహరణగా తీసికొందము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డుకు దక్షిణమున ఆబింగ్డన్ అను పట్టణము కలదు. అచ్చట 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. అను చిన్న స్పోర్ట్సు కారు తయారైనది. మొత్తముమీద ఐదు లక్షలకు పైగా బండ్లు బయటికి వచ్చినవి. వానిలో పెక్కు అమెరికాకు ఎగుమతి యైనవి. నాలుగు సిలిండర్లు, 1798 ఘన సెంటీమీటర్ల పరిమాణము గల దృఢమైన ఇంజను దానిది. ఆడంబరము లేని ఇంజను గనుకనే ఇంటివెనుక షెడ్డులో విప్పి కట్టుకొనువారు నేటికిని ఎందరో కలరు. మన శ్రోతలలో ఈ కారు గలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే యుందురేమో. అయినను జీపు గలవారికి, ట్రాక్టరు గలవారికి కూడ ఇందలి సూత్రము వర్తించును. విజయవాడ ఆటోనగరులో క్రాంకు షాఫ్టులను గ్రైండింగు చేయు పనివారికి ఇది క్రొత్త సంగతి కాదు.

బేరింగు అనగానే మనకు సైకిలు చక్రములోని ఉక్కు గోళీలు జ్ఞాపకమునకు వచ్చును. ఇంజనులో క్రాంకు షాఫ్టును మోయునవి అట్టివి కావు. గొట్టమును నిలువున రెండుగా చీల్చినట్లుండు రెండు పలుచని రేకుచిప్పలు అవి. వీనినే షెల్లులందురు. క్రాంకు షాఫ్టును ఇంజను దిమ్మెలో నిలుపునవి మెయిన్ బేరింగులు; కనెక్టింగ్ రాడ్డు అడుగుకొనను క్రాంకునకు తగిలించునవి బిగ్‌ఎండ్ బేరింగులు. ఎం.జి.బి. మెయిన్ బేరింగులలో తిరుగు షాఫ్టు వ్యాసము సుమారు 54 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషమునకు 5000 చుట్లు తిరుగునప్పుడు ఆ షాఫ్టు ఉపరితలము గంటకు 50 కిలోమీటర్ల వేగముతో ఆ చిప్పలలో పరుగెత్తుచుండును. పైనుండి పెట్రోలు మండినప్పుడెల్ల పడు దెబ్బ టన్నుల లెక్కలో నుండును. ఇంత వేగమును ఇంత బరువును ఒక పలుచని రేకు ఎట్లు భరించుచున్నది?

నిజమునకు భరించునది రేకు కాదు, నూనె. ఈ రహస్యము బయటపడిన తీరు చెప్పుకొనదగినది. బోషాం టవర్ అను ఆంగ్ల ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేసి 1883లో వాని ఫలితములను ప్రకటించెను. ఇరుసుపైన బోర్లించిన ఇత్తడి బేరింగునకు, నూనె పోయుటకని, నడినెత్తిన ఒక రంధ్రము తొలిపించెను. నూనె లోనికి దిగుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకి ఉబికి వచ్చెను! బిరడా బిగించిన, ఆ బిరడాను బయటికి నెట్టివైచెను. పీడనమాపకము తగిలించి చూడగా అది చదరపు అంగుళమునకు 200 పౌనులు దాటి చూపెను. తిరుగుచున్న ఇరుసు నూనెను తనతో లాగికొనిపోయి, సన్నని సందులో ఇరికించి, ఆ పొరపై తాను తేలుచున్నదన్నమాట. దీని గణితమును 1886లో ఆస్బర్న్ రేనాల్డ్సు వివరించెను. సక్రమముగా నడచుచున్న ఇంజనులో షాఫ్టు లోహము బేరింగు లోహమును తాకనే తాకదు.

అట్లయిన బేరింగు ఏ లోహమైననేమి అని అడుగవచ్చును. చిక్కంతయు నూనె పొర లేని క్షణములలో నున్నది. ప్రొద్దున ఇంజను మొదలుపెట్టినప్పుడు నూనె పీడనము ఎక్కువరకు షాఫ్టు బేరింగుపై కూర్చుండియే తిరుగును. నూనెలో ఇసుకరేణువో లోహపు పొడియో వచ్చి పడవచ్చును. షాఫ్టు వెండ్రుకవాసి వంగియుండవచ్చును. అట్టి వేళలలో రెంటిలో నొకటి అరుగక తప్పదు. షాఫ్టు విలువ ఎక్కువ, బేరింగు విలువ తక్కువ. కాబట్టి అరుగవలసినది బేరింగే. అది మెత్తగా నుండి, మురికిని తన ఒడిలో పొదుగుకొని, షాఫ్టు వంకరకు తాను ఒదిగి, తన్ను తాను పాడుచేసికొని షాఫ్టును కాపాడవలెను. మంచి బేరింగన్న గట్టి బేరింగని పలువురు తలచుట పొరపాటు. లొంగవలసిన చోట లొంగుటయే దాని గుణము. అయితే మరీ మెత్తనైన, దెబ్బలకు పగిలి పెచ్చులు ఊడును. ఈ రెంటి నడుమ రాజీ కుదుర్చుటయే బేరింగు తయారుచేయువారు నూటికి పైబడిన యేండ్లుగా చేయుచున్న పని.

1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ పేటెంటు పొందిన తెల్లలోహము, అనగా తగరము ముఖ్యముగా గల మిశ్రమము, చాలకాలము రాజ్యమేలినది. పాత కార్లలో దానిని కరగించి బేరింగు స్థానములో పోతపోసి, చేతితో గీచి, షాఫ్టుకు సరిపెట్టెడివారు. అది నేర్పరియైన పనివాని చేతిలోని విద్య. 1930ల దశకములో టోనీ వాండర్వెల్ అను ఆంగ్ల వ్యాపారి, అమెరికాలోని క్లీవ్‌లండు నగరపు సంస్థయొకటి కనిపెట్టిన పలుచని ఉక్కు షెల్లుల హక్కులను సంపాదించి, లండనుకు పశ్చిమముననున్న ఆక్టన్‌లో వానిని తయారుచేయించెను. కర్మాగారమునుండియే సరియైన కొలతకు వచ్చు చిప్పలవి, గీచుపని లేదు. ఈయనకు పందెపు కార్లన్న వ్యామోహము. తన పేరులోని మొదటి భాగమును, పలుచని గోడ అను అర్థము గల తన బేరింగు పేరులోని రెండవ భాగమును కలిపి వాన్‌వాల్ అని ఒక పందెపు కారునకు పేరుపెట్టెను. 1958లో ఫార్ములా వన్ పోటీలలో నిర్మాతల విజేతపదవిని మొదటిసారిగా నెలకొల్పినప్పుడు దానిని గెలిచినది ఆ వాన్‌వాలే. బేరింగులమ్మినవాడు ఫెరారీలను ఓడించుట చరిత్రలో ఒక వింత.

ఆనాటి బ్రిటిషు స్పోర్ట్సు కార్లు కట్టుకొనువారు నేటికిని వాండర్వెల్ పేరు గల పాత పెట్టె దొరికిన కన్నుల కద్దుకొందురు. మేము దానిని తప్పు పట్టము. కాని 1967లో వాండర్వెల్ మరణించినాడు. ఆ సంస్థ చేతులు మారినది. పేరులు ఒకరినుండి ఒకరికి పోవుచుండును. పెట్టెమీది పేరు నలువదియేండ్ల క్రిందటిదైనను లోపలి లోహము నిన్నటిది కావచ్చును. కాబట్టి పేరుకంటె లోహమునే మొదట అడిగి తెలిసికొనవలెను.

నేడు దొరకు షెల్లులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగలో ఉక్కు రేకుపై రాగి, సీసము కలిసిన పొర, దానిపై మిక్కిలి పలుచని నికెలు పూత, అన్నిటికంటె పైన సీసము, తగరములతో కూడిన మెత్తని పూత యుండును. ఈ పైపూత మందము మిల్లీమీటరులో నలువదవ వంతుకు మించదు; తరుచు అందులో సగమే. వెండ్రుకకంటె పలుచనిది. అయినను ఇంజను మొదలైన తొలి దినములలో షాఫ్టును కాపాడునది అదియే. దాని క్రింది రాగి పొర గట్టి దెబ్బలకు తట్టుకొనును. రెండవ తెగలో ఉక్కు రేకుపై అల్యూమినియము, నూటికి 20 పాళ్లవరకు తగరము కలిసిన ఒకే మందపాటి పొర యుండును. పైపూత లేదు. పాతబడిన నూనెలోని ఆమ్లములకు ఇది చెడదు, ధర కూడ తక్కువ. ఇందులోనే సిలికాను కలిపిన గట్టి రకము వేరొకటి కలదు. ఆ సిలికాను రేణువులు పోత ఇనుప క్రాంకు షాఫ్టుల గరుకును సానపట్టునట్లు తీర్చుటకు ఉద్దేశింపబడినవి. సుత్తిపోటుతో తీర్చిన ఉక్కు షాఫ్టు గల ఎం.జి.బి.కి ఆ సానతో పనిలేదు.

సీసము మాట వచ్చినది గనుక ఒక సంగతి. సీసము విషమన్న కారణమున ఐరోపా సమాఖ్య 2000లో చేసిన శాసనము క్రొత్త వాహనములలో దాని వాడుకను పరిమితము చేసినది. ఇంజను బేరింగులకు కొన్నియేండ్లు మినహాయింపు నిచ్చి, 2011లో ఆ మినహాయింపును క్రొత్త బండ్లకు ముగించినది. అది సమంజసమైన శాసనమే. దాని ఫలితముగా సీసము లేని బేరింగులు బజారున హెచ్చినవి. పాతబండ్లకు అమ్ము షెల్లులలోను లోహము మారియుండవచ్చును. అమ్మువానిని అడుగుట తప్పుకాదు; చెప్పలేనివాని యొద్ద కొనకుండుట అంతకంటె తప్పుకాదు.

మా అభిప్రాయమేమన, వారాంతమున నెమ్మదిగా షికారు పోవు బండికి తగరము కలిసిన అల్యూమినియము షెల్లులు చాలును. రహదారులపై గంటలకొద్ది వేగముగా నడుపువారు రాగి, సీసముల మూడుపొరల షెల్లులకు ఆ కొంచెము ఎక్కువ పైకము వెచ్చించుట మేలు. ఇక పందెములకని ప్రత్యేకముగా అమ్మునవి కలవు. ఆ పేరు వినగానే మనసు లొంగును. వానిలో కొన్నిటికి పైపూతను మరింత పలుచగా, గట్టిగా చేయుదురు. దెబ్బలకు ఓర్చుటకై మురికికి ఓర్చు గుణమును తగ్గించినారన్నమాట. ప్రతి పందెమునకు ముందు ఇంజనును విప్పి చూచువారికి అది తగును. పదియేండ్లు విప్పకుండ నడుపదలచిన గృహస్థునకు అది ఎక్కువ ఖరీదుగల తక్కువ బేరింగు.

ఇంతవరకు చెప్పినదంతయు బజారుకు పోయినపిమ్మటి సంగతి. దానికి ముందు ఇంటివద్దనే చేయవలసిన పని కలదు. అధిక భాగము ఇంజనులు చెడునది ఆ పనిని తప్పించుకొనుటవల్లనే. విప్పిన పాత షెల్లులను పారవేయక, ఏది ఎచ్చటిదో గుర్తువ్రాసి, వరుసగా బల్లమీద పేర్చవలెను. అవి మాటలాడును. బిగ్‌ఎండ్ పై చిప్పలలో, మెయిన్ క్రింది చిప్పలలో నడుమ రాగిరంగు బయటపడిన, అది వయసు. దెబ్బ పడుచోట పూత అరిగినది. ఒక అంచునకే అరిగిన, రాడ్డు వంగినదో షాఫ్టు పాయ ఒకప్రక్కకు సన్నగిల్లినదో చూడవలెను. చుట్టును గీతలు పడిన, మురికి నూనె. అట్టి లోపమును సవరింపక ఎంత గొప్ప షెల్లు వేసినను దానికిని ఆ గతియే. చిప్ప వీపుమీద 010, 020 అని అంకె కొట్టి యుండవచ్చును. అంగుళములో వేయవ వంతుల లెక్కన షాఫ్టు ఇదివరకే అంత మేర గ్రైండింగు చేయబడినదని అర్థము.

పిమ్మట మైక్రోమీటరుతో షాఫ్టును కొలువవలెను. ఒకచోట కొలిచి ఊరకుండరాదు. పాయ రెండు కొనలయందు, అడ్డముగను నిలువుగను కొలిచినగాని అది గుండ్రముగా నున్నదో కోడిగ్రుడ్డువలె నున్నదో తెలియదు. గుండ్రదనము తప్పినచో, గీతలు గోరుకు తగిలినచో, గ్రైండింగు చేయించి తరువాతి కొలత షెల్లులు వేయవలెను. ఈ ఇంజనుకు 10, 20, 30, 40 అను నాలుగు కొలతలు కలవు. షాఫ్టును గ్రైండింగు చేసిన పిమ్మటనే షెల్లులు కొనవలెనని కొందరు, షెల్లులు చేతికి వచ్చినపిమ్మటనే గ్రైండింగు చేయవలెనని కొందరు వాదింతురు. మేము రెండవవారి పక్షము. 30 కొలతకు అరుగగొట్టిన షాఫ్టును బల్లమీద పెట్టుకొని, ఆ కొలత షెల్లులు దొరకక నెలలు ఎదురుచూచుట కంటె దుఃఖము లేదు. షాఫ్టును వెనుకకు పెంచుట యెట్లును వీలుగాదు. గ్రైండింగైన పిమ్మట షాఫ్టులోని నూనె రంధ్రములను సన్నని బ్రష్షుతో, కిరసనాయిలుతో పలుమారులు కడుగవలెను. సానరాతి పొడి అందులో చిక్కుకొనియుండిన, కొత్త బేరింగునకు మొదటి విందు అదియే యగును.

ఇంకొక మెలకువ. 1964 ఉత్తరార్ధమువరకు వచ్చిన ఎం.జి.బి. ఇంజనులో మెయిన్ బేరింగులు మూడు. ఆ తరువాతివానిలో ఐదు. రెంటి షెల్లులు వేరు. బండి సంవత్సరమునుబట్టి కొనరాదు, ఏలయన అరువదియేండ్లలో ఒకదాని ఇంజను వేరొకదానిలోనికి మారియుండవచ్చును. ఇంజను అంకెకు ముందున్న అక్షరములు చూడవలెను: 18జి, 18జిఏ అని యున్న మూడు బేరింగులది, 18జిబి, ఆ తరువాతివి ఐదు బేరింగులవి.

షెల్లులు వచ్చినవి. పెట్టె విప్పగానే ప్రతి చిప్ప వీపుమీది అంకెను చదువవలెను. పెట్టెపై 020 అని యుండి లోపల ఒక జత 010 ఉండిన సందర్భమును మేమెరుగుదుము. చూడక బిగించిన, ఆ ఒక్క జత వద్ద నూనె నిలువక ఇంజను కొద్దిరోజులలో మూలపడెడిది. చిప్ప అంచులు నునుపుగా నున్నవా, నూనె రంధ్రము దిమ్మెలోని రంధ్రమునకు సూటిగా కూడుచున్నదా చూడవలెను. రంధ్రము సగము మూసికొనిపోయిన షెల్లు ఎంత పేరుగలదైనను త్రిప్పి పంపదగినదే. మంచి షెల్లును చేత పట్టుకొనిన, అది తాను కూర్చుండు గుంటకంటె రవ్వంత వెడల్పుగా విచ్చుకొని యుండును. వ్రేలితో నొక్కిన లోపలికి చక్కగా పట్టుకొనును. రెండు చిప్పలును గుంట అంచుకంటె వెండ్రుకవాసి పైకి పొడుచుకొని యుండును. పైకప్పు బిగించినప్పుడు ఆ వెండ్రుకవాసి నలిగి, చిప్ప వీపు గుంటకు గట్టిగా ఒత్తుకొనును. షెల్లును తిరుగకుండ పట్టియుంచునది ఆ ఒత్తిడియే. అంచున నున్న చిన్న నాలుక సరియైన చోట కూర్చుండబెట్టుటకు మాత్రమే. అది పట్టుకొనునదని భ్రమింపరాదు. ఆ పొడుచుకొనివచ్చిన భాగమును ఎక్కువైనదని ఆకురాయితో రాచువారు కలరు. అట్లు రాచిన షెల్లు వదులై, గుంటలో తిరిగి, ఇంజను దిమ్మెనే పాడుచేయును. అదే రీతిగా చిప్ప వీపునకు, గుంటకు నడుమ నూనెగాని దుమ్ముగాని యుండరాదు. అచ్చట పొడిగుడ్డతో తుడిచి, నూనె లోపలివైపున మాత్రమే పూయవలెను.

తుదకు షాఫ్టుకు షెల్లుకు నడుమ మిగులు సందు. షాఫ్టు వ్యాసము ఒక అంగుళమునకు అంగుళములో వేయవ వంతు సందు అన్నది పాత పనివారి లెక్క. ఎం.జి.బి.కి 0.001 నుండి 0.0027 అంగుళము వరకు చెల్లును; మన 54 మిల్లీమీటర్ల షాఫ్టుకు పాత లెక్క ఆ నడుమనే పడును. సందు తక్కువైన నూనె చొరక వేడెక్కి పట్టివేయును. ఎక్కువైన నూనె కారిపోయి పీడనము పడును. దీనిని కొలుచుటకు ప్లాస్టిగేజి అను మెత్తని సన్నదారము దొరకును. నూనె లేని షాఫ్టుపై ఒక ముక్కను పరచి, కప్పు నియమిత బిగువున బిగించి, షాఫ్టును ఏమాత్రము త్రిప్పక, మరల విప్పి చూచిన, దారము నలిగిన వెడల్పు సందును తెలుపును. ఎంత వెడల్పుగా నలిగిన అంత తక్కువ సందు. ఒక్కచోట చూచి తృప్తి చెందక ప్రతి బేరింగునకు చేయవలెను. షాఫ్టు ముందు వెనుకలకు జరుగకుండ నడిమి మెయిన్ బేరింగు ప్రక్కన థ్రస్టు వాషర్లు కలవు. ఆ కదలిక 0.004 నుండి 0.005 అంగుళములో నుండవలెను. ఈ వాషర్లలో గాడులు గల ముఖము షాఫ్టువైపు రావలెను. చిన్నవస్తువులని వానిని పాతవే వేయువారు క్లచ్చి త్రొక్కినప్పుడెల్ల పశ్చాత్తాపపడుదురు.

కట్టుట ముగిసిన వెంటనే తాళము త్రిప్పి ఇంజనును లేపవలెనని చేతులు ఉవ్విళ్లూరును. ఓపిక పట్టవలెను. ముందుగా స్పార్కు ప్లగ్గులు తీసివైచి, స్టార్టరుతో ఉత్తగా త్రిప్పుచు, పీడనమాపకపు ముల్లు లేచువరకు చూడవలెను. అప్పుడు ప్లగ్గులు పెట్టి ఇంజనును మేల్కొలుపవలెను. వేడెక్కిన పిమ్మట నడకలో చదరపు అంగుళమునకు 50 నుండి 80 పౌనులు, నిలుకడలో 10 నుండి 25 పౌనులు పీడనము చూపిన సరిపోవును. 800 కిలోమీటర్లు నడచిన పిమ్మట నూనెను, వడపోత డబ్బాను మార్చునప్పుడు ఆ పాత డబ్బాను కోసి, లోపలి కాగితమును విప్పి వెలుతురులో పట్టి చూడవలెను. సన్నని బూడిదరంగు పొడి కొంచెము కనబడుట సహజము. రాగిరంగు పెచ్చులు తళతళలాడిన మాత్రము, బండిని మరల షెడ్డులోనికి త్రోయవలసినదే.